జెట్ బోట్ ఇంజన్ వణుకుతోంది, వేడెక్కుతోంది: రెండింటికీ కారణం ఒకటేనా?

జెట్ బోట్ల మీద పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి. మాది వీ8 ఇన్‌బోర్డ్ ఇంజన్, వెనక జెట్ పంప్ (నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్మి బోటును నడిపేది). ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళు కూడా ఆ పంప్ నుంచే వస్తాయి.

నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. 3,000 ఆర్‌పీఎం దాటగానే సీట్ల కింద నుంచి గట్టిగా వణుకు మొదలవుతుంది. ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బోటు ఆ మేరకు వేగం అందుకోదు. అలాగే నడిపితే టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంది, థ్రాటిల్ తగ్గిస్తే దిగుతుంది.

పంప్ ముందున్న జల్లెడలో చిక్కుకున్న నాచు తీసేశాం. నీళ్ళ ఫిల్టర్‌లో ఇసుక కనబడితే కడిగాం. థర్మోస్టాట్ కూడా మార్చాం. తేడా లేదు. ఇసుక నీళ్ళలో బాగా తిరిగిన బోటు కాబట్టి ఇంపెల్లర్ (పంప్ లోపల నీళ్ళు నెట్టే చక్రం) రెక్కల అంచులు, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ అరిగాయేమోనని నా అనుమానం. అవి అరిగితే పంప్‌లో ఒత్తిడి పడిపోయి కూలింగ్‌కు నీళ్ళు తగ్గుతాయి కదా, రెక్కల దగ్గర నీళ్ళలో ఆవిరి బుడగలు పుట్టి పగిలే కేవిటేషన్‌తో వణుకూ రావచ్చు.

కానీ ఇంజన్ నుంచి పంప్ కు తిప్పుడు అందించే డ్రైవ్ షాఫ్ట్ యూనివర్సల్ జాయింట్ గానీ, ఇంజన్ మౌంట్లు గానీ పోయినా వణుకుతుంది. అప్పుడు వేడి వేరే సమస్య. పిల్లలు కూడా ఎక్కే బోటు, నడినీళ్ళలో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పంప్ మొత్తం విప్పకుండా అసలు కారణం తేల్చుకునే పద్ధతి ఉందా? సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో రెక్కకూ రింగ్‌కూ మధ్య సందు కొలిస్తే సరిపోతుందా? ఎంత దాటితే రింగ్ మార్చాలి?