ఒడియా లిపిలో రాసుకునే పిల్లలకు తెలుగు పద్యం ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర ఒక ఒడియా మాధ్యమ బడిలో ఐదో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు వారికి రావు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది కనుక, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న పిల్లలచేత పద్యాలు చదివించాలని నా కోరిక.

మొన్న ఒక ఆటవెలదిని నోటితో చెప్పి వల్లె వేయిస్తే, వెనక బల్ల మీది పిల్లవాడు దానిని ఒడియా లిపిలో రాసుకొని నిన్న గడగడా అప్పజెప్పాడు. ముచ్చటేసింది. అయితే ఆ లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ ఒకటే; అందువల్ల లఘువు (పొట్టిగా పలికే అక్షరం) ఉండవలసిన చోట గురువు (నిడివిగా పలికే అక్షరం) పలికి, మొదటి పాదంలోనే నడక కుంటుపడింది. ఆ పాదం నడక ప్రకారం చప్పట్లతో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (లఘుగురువుల గుంపులు) వేయించి చూశాను. తాళం పట్టుకున్నారు, అక్షరం మాత్రం మళ్ళీ సాగింది.

దీర్ఘాల మీద ఏదైనా గుర్తు పెట్టించి ఒడియా లిపినే కొనసాగించమంటారా, లేక అక్షరాలు వచ్చేదాకా నోటిపాఠమే మేలా? సరిహద్దు బడులలో ఇలా నేర్పినవారు మీ పద్ధతిని, పదేళ్ల పిల్లల నోట తేలికగా పలికే పద్యాలను దయచేసి తెలియజేయగలరు.