సన్ హౌస్ పాటలు స్లైడ్ మీద నేర్చుకోవాలి, కాస్త దారి చూపండి

బ్లూస్ వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే సాయం చేయండి. కొన్నాళ్లుగా నాకు అమెరికా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు సన్ హౌస్ పిచ్చి పట్టుకుంది. 1930లో పారామౌంట్ రికార్డు కంపెనీకి, 1941-42లో మిసిసిపీలో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్‌కి పాడి, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ వెళ్లి రైల్వే పనిలో పడి గిటార్ పక్కన పెట్టేసిన మనిషి. 1964లో అభిమానులు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయనకు అరవై దాటాయి. ఇరవై దాటీ దాటని అలన్ విల్సన్ అనే కుర్రాడు కూర్చోబెట్టి, ఆయన పాటలే ఆయనకు మళ్లీ నేర్పించాడు! 1965లో కొలంబియా రికార్డు కంపెనీకి చేసిన రికార్డింగ్‌లో చేతి వేగం తగ్గినట్టుంది గానీ, ఆ గొంతు మాత్రం నన్ను వదలడం లేదు.

ఇప్పుడు నా తంటా. నాది మామూలు అకౌస్టిక్ గిటార్, 11 గేజ్ తీగలు. ఓపెన్ జి శ్రుతి (డి-జి-డి-జి-బి-డి) పెట్టి, చిటికెన వేలికి గాజు స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) తొడిగి వాయిస్తుంటే పై రెండు తీగల మీద స్లైడ్ ఫ్రెట్లకు (మెట్లకు) తగిలి టకటకమంటోంది. గోటువాద్యంలో అయితే అసలు మెట్లే ఉండవు, ఆ గొడవే లేదు. తీగలు లావువి వేయాలా, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తు పెంచాలా, లేక నేనే గట్టిగా నొక్కుతున్నానా? స్లైడ్ వెనక ఉన్న వేళ్లతో తీగలు మోగకుండా అదిమిపెట్టడం కూడా సరిగ్గా కుదరట్లేదు.

ఇంకోటి, చెవితో నేర్చుకోవడానికి లోమాక్స్ రికార్డింగులు మేలా, 1965వా? పారామౌంట్‌వి గరగరలో సగం వినపడట్లేదు. హైదరాబాద్‌లో తక్కువలో రెసోనేటర్ గిటార్ (లోపలి లోహపు పళ్లెంతో మోత పెంచేది) దొరికే చోటు తెలిస్తే అదీ చెప్పండి.