సముద్రం పక్క ఇల్లు, అలాయ్ చక్రాల మీద తెల్లటి మరకలు: ఆసిడ్ కొట్టించవచ్చా?

విశాఖ లాసన్స్ బే కాలనీ నుంచి ప్రశ్న:
నమస్కారమండీ. మా కారు రాత్రంతా ఆరుబయటే ఉంటుంది. ఆ మధ్య మా తమ్ముడు ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ రాయికి ఒరిపించాడు. ఇప్పుడు ఆ గీత దగ్గర మొదలై, పూత అడుగున తెల్లటి సన్నని చారలు వంకరటింకరగా పాకుతున్నాయి. అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు కదా! కార్లు కడిగేచోట ఆసిడ్ కొడితే పోతుందన్నారు. కొట్టించమంటారా?

గాజువాక నుంచి జవాబు:
వద్దండీ. ఆసిడ్ మురికితో పాటు మిగిలిన పూతనూ తినేస్తుంది. ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదన్నది నిజమే. గాలి తగలగానే అల్యూమినియం మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి కాపు కాస్తుంది. ఉప్పుగాలిలోని క్లోరైడ్ ఆ పొరనే ఛేదిస్తుంది. పైన లక్కర్, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పూత, చెక్కుచెదరకుండా ఉంటే ఉప్పుకు దారి దొరకదు. రాయి తగిలి లేచినచోట దూరిన ఉప్పునీరు పూతకూ లోహానికీ మధ్య పాకుతుంది. అందుకే పైపైన ఎంత తుడిచినా పోదు.

ముందు మీ చక్రం ఏ రకమో చూడండి. ముఖం మీద గ్రామఫోను రికార్డులా సన్నటి వలయాలుంటే అది డైమండ్ కట్. దాన్ని ఇంట్లో రుద్దితే ఆ మెరుపు తిరిగి రాదు. లేత్ మీద పలుచగా కోయించి లక్కర్ వేయించాలి. కోసిన ప్రతిసారీ లోహం తరుగుతుంది కూడా. సముద్రపు ఒడ్డున ఉండేవారికి ఆ సోకు ఎందుకని నా ఉద్దేశం. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడికి కరిగించి పట్టించే పూత) వేయించుకుంటే నిశ్చింత.

లాసన్స్ బే:
వలయాలు లేవండీ, మామూలు వెండి రంగే. నేనే చేసుకోవచ్చా?

గాజువాక:
భేషుగ్గా. చక్రం విప్పి షాంపూతో కడిగి ఆరబెట్టండి. టైరు అంచులో పాత విజిటింగ్ కార్డులు వరుసగా దూర్చండి, రంగు రబ్బరుకు అంటదు. 240 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 400, 800 వరకు వెళ్లండి. తెల్లచార ఎక్కడ ఆగిందో అక్కడ ఆపకుండా, గట్టిగా అతుక్కున్న పూత తగిలేదాకా రుద్దాలి. కాస్త మిగిలినా కొత్త పూత కింద మళ్లీ పాకుతుంది. లోతు తక్కువున్న గాట్లకు పుట్టీ చాలు. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, అల్యూమినియానికి పట్టే ప్రైమర్, ఆపైన రంగు, చివరగా లక్కర్. ఏదైనా పలుచగా రెండు మూడు విడతలు వేయండి. ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది.

సీతమ్మధార నుంచి మరో జవాబు:
గీతకన్నా ముందు లోపలివైపు చూడండి. సన్నటి పగులు కనిపిస్తే పుట్టీలూ వెల్డింగులూ వద్దు, చక్రమే మార్చాలి. ఆ టైరులో గాలి తరచూ తగ్గుతోందా? టైరు కూర్చునే అంచు పాడైనా అలాగే జరుగుతుంది. పంక్చర్ షాపులో టైరు విప్పించి అంచు శుభ్రం చేయించండి. బిగించే ముందు ఇనుప హబ్ (చక్రాన్ని బిగించే మధ్యభాగం) మీది తుప్పును వైరు బ్రష్షుతో గీకండి. ఇనుము, అల్యూమినియం ఉప్పుతేమలో కలిసి ఉంటే చక్రం హబ్‌కు కరుచుకుపోతుంది. నట్లు ఎదురెదురుగా బిగించి, బ్యాలెన్సింగ్ చేయించండి.

ఇకముందు వారానికోసారి మంచినీటితో కడిగితే చాలు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి వేడివేడిగా పూతకు అంటుకుంటుంది కాబట్టి పుల్లల మధ్య సందుల్ని వదలకండి. వేడిగా ఉన్న చక్రం మీద మాత్రం నీళ్లు కొట్టకండి.

లాసన్స్ బే:
ధన్యవాదాలండీ. ఈ ఆదివారమే మొదలుపెట్టనా? రెండు రోజులుగా ముసురు పట్టింది.

గాజువాక:
ఆగండి. గాలిలో తేమ ఎక్కువుంటే లక్కర్ తెల్లగా మసకబారుతుంది. అప్పటిదాకా గీతను కడిగి, ఆరాక కాస్త మైనం పూసి ఉంచండి. వాన తెరిపిచ్చాక, పొద్దెక్కిన తర్వాత నీడపట్టున మొదలుపెట్టండి. అన్నట్టు, రంగు వేసే ముందు మైనాన్ని పూర్తిగా తీసేయాలని గుర్తుంచుకోండి. అది ఉండగా ప్రైమర్ పట్టదు.