ఇంజెక్ట్‌మాక్స్ పెట్టినా ఒక ఫీల్డ్ మాత్రం నల్‌గానే ఉంటోంది

ప్రశ్న:
స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన జావా అప్లికేషన్. టెస్టులకి జేయూనిట్ 5, మాక్‌లు (నకిలీ ఆబ్జెక్టులు) తయారుచేయడానికి మాకిటో 5 వాడుతున్నాం. ఆర్డర్‌సర్వీస్ క్లాస్‌కి రిపాజిటరీ (డేటాబేస్‌తో మాట్లాడే భాగం) కన్‌స్ట్రక్టర్ ద్వారా వస్తుంది, మెయిలర్ మాత్రం @ఆటోవైర్డ్ (స్ప్రింగే నింపే) ఫీల్డ్. టెస్టులో రెండింటికీ @మాక్, సర్వీస్‌కి @ఇంజెక్ట్‌మాక్స్ (మాక్‌లని దానిలోకి పంపేది), క్లాస్ మీద @ఎక్స్‌టెండ్‌విత్(మాకిటోఎక్స్‌టెన్షన్.క్లాస్) పెట్టాను. రిపాజిటరీ బాగానే పలుకుతోంది, మెయిలర్.సెండ్ దగ్గర నల్‌పాయింటర్ఎక్సెప్షన్ (నల్‌గా, అంటే ఖాళీగా ఉన్నదాని మీద మెథడ్ పిలిస్తే వచ్చే ఎర్రర్) వస్తోంది. అప్లికేషన్ రన్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. తేడా ఎక్కడుందండీ?

జవాబు:
@ఇంజెక్ట్‌మాక్స్ ముందు కన్‌స్ట్రక్టర్ చూస్తుంది, ఎక్కువ ఆర్గ్యుమెంట్లున్నది ఎంచుకుంటుంది. దానితో ఆబ్జెక్ట్ తయారైతే ఇక సెట్టర్ల జోలికీ ఫీల్డుల జోలికీ పోదు. స్ప్రింగ్ అలా కాదు, కన్‌స్ట్రక్టర్ పిలిచాక @ఆటోవైర్డ్ ఫీల్డులు కూడా నింపుతుంది. అందుకే అక్కడ నడిచింది ఇక్కడ నడవలేదు.

మెయిలర్‌ని కూడా కన్‌స్ట్రక్టర్‌లోకి తెచ్చి ఫైనల్ చేయండి. @ఇంజెక్ట్‌మాక్స్ తీసేసి @బిఫోర్‌ఈచ్ మెథడ్‌లో (ప్రతి టెస్టుకి ముందు నడిచేది) ఇలా రాయండి:

సర్వీస్ = న్యూ ఆర్డర్‌సర్వీస్(రిపో, మెయిలర్);

ఈ లైను ఫీల్డ్ డిక్లరేషన్ దగ్గరే రాయొద్దు. అప్పటికి మాక్‌లు తయారై ఉండవు, రెండూ నల్‌గానే వెళ్తాయి. రేపు మూడో డిపెండెన్సీ చేరితే టెస్ట్ కంపైలే కాదు, విషయం వెంటనే తెలుస్తుంది. @ఇంజెక్ట్‌మాక్స్ అయితే మాక్ దొరకని ఆర్గ్యుమెంటుకి నల్ ఇచ్చేసి ఊరుకుంటుంది. దాన్ని వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

మరో జవాబు:
పై మాటకి ఇంకో కారణం. కన్‌స్ట్రక్టర్‌లో ఒకే టైపువి రెండుంటే, ఉదాహరణకి రెండు రెస్ట్‌టెంప్లేట్‌లు, @ఇంజెక్ట్‌మాక్స్ టైపు చూసి రెండు చోట్లా ఒకే మాక్ పెట్టేస్తుంది. వెరిఫై (మాక్‌ని పిలిచారా లేదా అని చూసే చెక్) ఎందుకు ఫెయిలవుతోందో అర్థం కాక తల పట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను, నల్ పోయింది. ఇప్పుడు అన్‌నెసెసరీస్టబింగ్‌ఎక్సెప్షన్ (స్టబ్, అంటే మాక్‌కి ముందే చెప్పిపెట్టిన జవాబు, వాడలేదనే ఎర్రర్) వస్తోంది. ఆ చెక్‌ని సడలించే లీనియంట్ పెట్టేయమంటారా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండీ. @బిఫోర్‌ఈచ్‌లో రాసిన వెన్(...) ఏదో ఒక టెస్టులో వాడకంలోకి రావడం లేదు. దాన్ని అవసరమైన టెస్టులోకే జరపండి. ఆర్డర్ దొరకని కేసుకైతే స్టబ్ అక్కర్లేదు: ఫైండ్‌బైఐడీ ఆప్షనల్ ఇచ్చేదైతే మాక్ దానంతటదే ఆప్షనల్.ఎంప్టీ ఇస్తుంది. సేవ్‌తో మాత్రం జాగ్రత్త, స్టబ్ లేకపోతే నల్ వస్తుంది. సర్వీస్ ఆ ఫలితం మీద గెట్‌ఐడీ పిలిస్తే మళ్లీ నల్‌పాయింటర్ఎక్సెప్షనే. పంపినదాన్నే తిరిగి ఇచ్చే ఈ స్టబ్ దానికి సరిపోతుంది:

వెన్(రిపో.సేవ్(ఎనీ())).దెన్‌ఆన్సర్(ఐ -> ఐ.గెట్‌ఆర్గ్యుమెంట్(0));