స్కూళ్లలో బాడీ ఇమేజ్ మీద పనిచేసే మా చిన్న సంస్థని ఎలా పెంచాలి?

అందరికీ నమస్తే. మేం కొంతమంది వాలంటీర్లం కలిసి స్కూళ్లకి వెళ్లి పిల్లలతో వాళ్ల శరీరం గురించి మాట్లాడతాం, అంటే లావు, సన్నం, పొట్టి, మొటిమలు అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోవడం, ఫిల్టర్ పెట్టిన ఫొటోలు చూసి నేనిలా లేనే అని లోపల్లోపల కుమిలిపోవడం, ఇవన్నీ. ఒకే ఫొటోని ఎడిట్ చేయకముందు, చేశాక పక్కపక్కన పెట్టి చూపిస్తే క్లాసంతా ఒకటే గోల, ఆ తర్వాతే అసలు మాటలు బయటికొస్తాయి. కండలు లేవని బాధపడే అబ్బాయిలూ చాలామందే, పాపం వాళ్లనెవరూ అడగరు.

ఇంకా ఎక్కువ స్కూళ్లకి వెళ్లాలని ఉంది కానీ హెడ్మాస్టర్లేమో సిలబస్సే అవ్వట్లేదంటారు, డబ్బిచ్చేవాళ్లు ఫలితం చూపించమంటారు. అందుకే సెషన్‌కి ముందూ తర్వాతా బాడీ అప్రిసియేషన్ స్కేల్, అంటే మన శరీరాన్ని మనం ఎంత ఇష్టంగా, గౌరవంగా చూసుకుంటున్నామో కొలిచే ప్రశ్నావళి, దాని పిల్లల వెర్షన్ ఇద్దామనుకుంటున్నాం, 2017లో వచ్చింది, 10 వాక్యాలే కాబట్టి తొందరగా అయిపోతుంది. వెంటనే ఇస్తే సరిపోతుందా, కొన్ని నెలలాగి మళ్లీ ఇవ్వాలా? మేమే అన్నిచోట్లకీ తిరగలేం కదా, టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్లతోనే చెప్పిస్తే పిల్లలు మనసు విప్పుతారా? ఫెయిర్‌నెస్ క్రీములు, బరువు తగ్గించే పొడులు అమ్మే కంపెనీల డబ్బు మాత్రం నేను తీసుకోను, అది కాకుండా ఫండ్స్ ఎక్కడ అడగాలి? ఇలాంటి సంస్థ నడిపినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.