ఉబుంటులో రెండు గ్రాఫిక్స్ కార్డులు: ఎన్విడియా పెడితే బ్యాటరీ నిలవదు, ఇంటెల్ పెడితే ప్రొజెక్టర్ రాదు

కొర్లగుంట_కుర్రోడు:
అన్నలూ, ఉబుంటు 24.04, ఇంటెల్ ప్రాసెసర్, ఎన్విడియా జీటీఎక్స్ 1650 ఉన్న లాప్‌టాప్. ప్రైమ్-సెలెక్ట్‌లో (ఏ గ్రాఫిక్స్ నడవాలో ఎంచే కమాండ్) ఎన్విడియా పెడితే ఊరికే తెరిచిపెట్టినా అడుగు పెనం మాదిరి కాలుతోంది, చిత్తూరులో బస్సెక్కితే తిరుపతి చేరేలోపు బ్యాటరీ ఖాళీ. ఇంటెల్ పెడితే చల్లగానే ఉంటుంది గానీ సెమినార్ హాల్లో హెచ్‌డీఎంఐ ప్రొజెక్టర్‌ను గుర్తుపట్టదు. పైగా కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ అయినప్పటి నుంచి ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు స్థితి చూపే కమాండ్) కొడితే డ్రైవర్ అందడం లేదని ఎర్రర్. ఎన్విడియా సైటులోని డాట్ రన్ ఫైలు (డ్రైవర్ ఇన్‌స్టాలర్) దించుకుని వేసేదా?

అలిపిరి_టక్స్:
డాట్ రన్ జోలికి పోవద్దు తమ్ముడూ. అది ఏప్ట్‌కు (ఉబుంటులో ప్యాకేజీలు చూసుకునేది) తెలియకుండా ఫైళ్లు పెడుతుంది, ఉన్న ప్యాకేజీతో కలగాపులగమై రెండూ చెడతాయి.

ముందు కెర్నల్ సంగతి. యూనేమ్ -ఆర్ కొట్టి వెర్షన్ రాసుకో, తర్వాత డీకేఎంఎస్ (కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను దానికి తగ్గట్టు మళ్లీ కట్టేది) స్టేటస్ చూడు. పాత కెర్నల్‌కు వరస ఉండి కొత్తదానికి లేకపోతే హెడర్లు (డ్రైవర్ కట్టడానికి కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) రాలేదని అర్థం. లినక్స్-హెడర్స్-జెనరిక్ (హెచ్‌డబ్ల్యూఈ, అంటే కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కెర్నల్ అయితే దాని హెడర్లు) వేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టు. అసలు ఏ వరసా లేకపోతే నీది ఉబుంటు సంతకం చేసిన రెడీమేడ్ మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) కావచ్చు. సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ మళ్లీ కొడితే కొత్త కెర్నల్‌కు సరిపడేది వస్తుంది.

వరస ఉండీ మాడ్యూల్ ఎక్కకపోతే అనుమానం సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని మాడ్యూల్‌ను ఎక్కనివ్వని రక్షణ) మీదే. మోకుటిల్ --ఎస్‌బీ-స్టేట్ చెబుతుంది. డ్రైవర్ వేసేటప్పుడు అడిగిన పాస్‌వర్డ్‌ను రీబూట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంఓకే (నీ మెషీన్ సంతకపు తాళంచెవిని నమ్మమని చెప్పడం) ఎంచి ఇవ్వాలి. ఆ తెర 10 సెకన్లే ఆగుతుంది, చాలామంది అక్కడే తప్పిపోతారు.

నీవా_ఒడ్డు:
ప్రొజెక్టర్ రాకపోవడానికి డ్రైవర్ తప్పేమీ లేదు. ఇలాంటి చాలా లాప్‌టాప్‌లలో లోపలి తెర తీగ ఇంటెల్‌కు, హెచ్‌డీఎంఐ తీగ ఎన్విడియాకు పోతాయి. ఇంటెల్ మోడ్‌లో ఎన్విడియా మాడ్యూలే ఎక్కదు, ఆ సాకెట్ చచ్చినట్టే.

నీకు కావాల్సింది మూడో మోడ్: సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్, తర్వాత రీబూట్. తెరను ఇంటెల్ నడుపుతుంది, ప్రొజెక్టర్ తగిలిస్తే ఎన్విడియా లేస్తుంది. తీగ ఉన్నంతసేపు అది పడుకోదు, సెమినార్ అవ్వగానే పీకేయ్. బ్లెండర్ (త్రీడీ బొమ్మల ప్రోగ్రామ్) లాంటివాటికి గ్నోమ్‌లో (ఉబుంటు డెస్క్‌టాప్) ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్రీట్ గ్రాఫిక్స్ ఎంచితే చాలు.

కొర్లగుంట_కుర్రోడు:
హెడర్లే రాలేదన్నా, వేశాక డ్రైవర్ ఎక్కింది. ఆన్-డిమాండ్ కూడా పెట్టినాను. కానీ వేడి అట్నే ఉంది. రెండు సెకన్లకోసారి ఎన్విడియా-ఎస్ఎంఐ నడిపి చూస్తున్నా, కార్డు ఎప్పుడూ మేలుకునే ఉంది.

నీవా_ఒడ్డు:
దాన్ని లేపుతున్నది ఆ ఎన్విడియా-ఎస్ఎంఐనే! అడిగినప్పుడల్లా పడుకున్న కార్డును తట్టిలేపుతుంది. అది ఆపి, పక్కన టెర్మినల్‌లో క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:01:00.0/పవర్/రన్‌టైమ్_స్టేటస్ చూడు (నంబరు ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌లో సరిచూసుకో). సస్పెండెడ్ (పడుకుంది) అని వస్తే సరిపోయినట్టే. టాప్ ప్యానెల్‌లో ఉష్ణోగ్రత చూపే ఎక్స్‌టెన్షన్లూ ఇదే పని చేస్తాయి, తీసెయ్.

అయినా యాక్టివ్ అనే వస్తే /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి కింద డాట్ కాన్ఫ్ ఫైలులో ఈ వరస పెట్టు: ఆప్షన్స్ ఎన్విడియా ఎన్‌వీరెగ్_డైనమిక్‌పవర్‌మేనేజ్‌మెంట్=0ఎక్స్02. సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ కొట్టి రీబూట్ చెయ్. 1650 ట్యూరింగ్ తరానిది కాబట్టి ఇది పనిచేయాలి, బయోస్ సహకరిస్తే. అంతకుముందు పాస్కల్ కార్డులకు ఈ సౌకర్యం లేదు, వాటికి ఇంటెల్ మోడే దిక్కు.

అలిపిరి_టక్స్:
ఇంకా పడుకోకపోతే సుడో ఫ్యూజర్ -వి /డెవ్/ఎన్విడియా* కొట్టి ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో ఇక్కడ పెట్టు.