పరకాలలో అర ఎకరం అమ్మి తమ్ముడిని ఏఎంఈలో చేర్పించాలా?

పరకాల_అన్న
తమ్ముడిది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఏఎంఈ, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చేస్తానంటున్నాడు. బాపు అర ఎకరం అమ్మి ఫీజు కడతానంటున్నాడు. మామునూరు ఎయిర్‌పోర్ట్ వస్తోంది, ఇంటి దగ్గరే ఉద్యోగం అని కాలేజీ కౌన్సెలర్ చెప్పాడట. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_ఫిట్టర్
అమ్మొద్దు బిడ్డా. రైల్వేలో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ కోర్సుకు పేరులోనే మోసం ఉంది. ఇంజినీర్ అంటారు, చేతిలో స్పానర్ పెడతారు. అది డిగ్రీ కూడా కాదు.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
నాది హంటర్ రోడ్. శంషాబాద్ హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, ఏడేళ్లుగా టెక్నీషియన్‌ని. ముందు ఆ కౌన్సెలర్ మాట పక్కన పెట్టండి. నిజాం కాలంలో కట్టిన మామునూరు 1981లో మూతపడింది. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది, నిజమే. కానీ రోజుకు నాలుగు విమానాలు వచ్చిపోయే చోట చెకింగ్‌కు ఒకరిద్దరు చాలు. విమానాన్ని విప్పి చేసే పని హ్యాంగర్ ఉన్నచోటే ఉంటుంది. మనకు దగ్గరలో అంటే శంషాబాదే. 2025 నవంబరులో సఫ్రాన్ కంపెనీ వాళ్లు లీప్ అనే విమాన ఇంజిన్లను బాగుచేసే కేంద్రం కూడా అక్కడే మొదలైంది.

ఇక కోర్సు. డీజీసీఏ, అంటే కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ, అనుమతి ఉన్న సంస్థలోనే చేరాలి. లైసెన్స్ రకాల్లో బి1.1లో ఇంజిన్, బాడీ వస్తాయి, బి2 ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్. ఈ రెండిట్లో ఏదైనా 2400 గంటల శిక్షణ. మాడ్యూల్ (ఒక్కో సబ్జెక్టు) పరీక్షల్లో ఒక్కోదానికి 75 శాతం రావాలి. పని అనుభవం కూడా ఉంటేనే లైసెన్స్ వస్తుంది. అది చేతికొచ్చినా, ఏ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం మీద విడిగా అర్హత, లేకుండా అది ఎగరడానికి సిద్ధమని ఇచ్చే రిలీజ్ మీద సంతకం పెట్టలేం.

గోపాలపురం_స్వాతి
కలర్ విజన్ పరీక్ష ముందే చేయించండి. ఈ పనిలో రంగులు గుర్తుపట్టాల్సి వస్తుంది. ఫీజు కట్టాక తెలిస్తే ఏం లాభం?

కాజీపేట_ఫిట్టర్
ఇంత చెప్పావు కదా, ఒక్కటి చెప్పు. ఇంజినీర్ అని ఎందుకు రాస్తారు? నేను వ్యాగన్ బ్రేకులు విప్పి బిగించినప్పుడు నన్నెవరూ ఇంజినీర్ అనలేదే?

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
సార్, పేరు వదిలేయండి. లైసెన్స్ ఉన్నతను సంతకం పెట్టకపోతే విమానం కదలదు. ఆ బాధ్యతకు పెట్టిన పేరు అది.

కాజీపేట_ఫిట్టర్
మరి నీకుందా ఆ సంతకం?

జమ్మికుంట_88
ఎయిర్‌ఫోర్స్‌కు రాయమనండి. ఫీజు లేదు, ఎదురు జీతమిస్తారు.

గోపాలపురం_స్వాతి
అగ్నివీర్ నాలుగేళ్లే కదా. తర్వాత?

కాజీపేట_ఫిట్టర్
నైట్‌షిఫ్ట్ తమ్మీ, జవాబు రాలేదు.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
లేదు సార్. రెండు మాడ్యూళ్లు మిగిలాయి. రాత్రంతా బోల్టులు వదులు కాకుండా లాకింగ్ వైర్ చుట్టి, పొద్దున రూముకొచ్చి పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది. నేను చేసిన పనికి వేరొకరు సంతకం పెడతారు, జీతంలో తేడా అక్కడే. అయినా ఈ పని వదిలిపెట్టను. మీ బాధేంటో నాకు అర్థం కావడం లేదు. రైలు పెట్టె మీద చేసిన పనికీ దీనికీ పోలికేంటి?

కాజీపేట_ఫిట్టర్
పెట్టె బ్రేకు పడకపోతే మనుషులు చావరా? నోరు జాగ్రత్త.

నా కొడుకును ఇదే కోర్సులో చేర్పించాను. పీఎఫ్‌లో లోను తీసి కట్టాను. ఆ సంస్థలో పాత విమానం ఒకటి షెడ్డులో ఉండేది, వాన పడితే దాని కిందే పిల్లలు నిలబడేవారట. ఓజేటీ, అంటే పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, చూపిస్తామన్నారు, చివర్లో మీరే వెతుక్కోమన్నారు. ఇప్పుడు హనుమకొండలో మొబైల్ షాపులో ఉన్నాడు.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
ఎన్ని మాడ్యూళ్లు పాసయ్యాడు?

కాజీపేట_ఫిట్టర్
మూడు.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
మరి సంస్థనొక్కదాన్నే అంటే ఎలా సార్?

కాజీపేట_ఫిట్టర్
వాడు ఐటీఐ చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఫిట్టర్ కొడుకు ఫిట్టరే కావాలా, పేరు పక్కన ఇంజినీర్ ఉండాలి అనుకున్నాను. ఆ ఒక్క మాట చూసి డబ్బు కట్టాను. ఇప్పుడు వాడు నాతో సరిగ్గా మాట్లాడడు. నీకు పేరు చిన్న విషయం.

శంషాబాద్_నైట్‌షిఫ్ట్
తప్పుగా అడిగాను సార్.

పరకాల అన్నా, ఇష్టంతో వచ్చే పిల్లాడైతే చేరనివ్వండి. కానీ ముందు ఆ సంస్థకెళ్లి, పోయిన బ్యాచ్ పిల్లలు ఓజేటీ ఎక్కడ చేశారో వాళ్లనే అడగండి. టైప్ రేటింగ్‌కు మళ్లీ లక్షలు కావాలి, భూమి మొత్తం ఇప్పుడే అమ్మితే అప్పుడేం అమ్ముతారు? మీ బాపు కంటే మీ తమ్ముడు ఏమంటున్నాడో ముఖ్యం.

పరకాల_అన్న
తమ్ముడికి ఇష్టమే. ఆ అర ఎకరంలో సగం నాకు రావాల్సింది. బాపు నన్ను అడగలేదు. అందుకే ఇక్కడ అడిగాను.

జమ్మికుంట_88
అది మొదట్లోనే చెప్పాలి కదన్నా.